భుజం జారినవాళ్లు గోడ ఎక్కవచ్చా?

చలికాలం దగ్గరపడుతుంటే మా ఫిజియోథెరపీ గదికి ఒక రకం మనుషులు వస్తారు. పాతికేళ్ల నుంచి నలభై అయిదు దాకా వయసు, కూర్చుని చేసే ఉద్యోగం, పొద్దున్నే లేచి పరిగెత్తే అలవాటు. వచ్చి కూర్చోగానే నొప్పి ఎక్కడో చెప్పరు. "పేరిచ్చేశానండీ, డబ్బు కూడా కట్టేశాను" అంటారు. దేనికని అడిగితే ఆబ్‌స్టకిల్ రేస్‌కి అంటారు. గాయం సంగతి ఆ తర్వాత వస్తుంది, అదీ కాస్త గొంతు తగ్గించి. పోయినేడు భుజం జారింది. లేదా మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ అయింది. లేదా చీలమండ మళ్లీ బెణికింది. "ఇప్పుడు బాగానే ఉంది లెండి. వెళ్లొచ్చా, వద్దా? ఒక్క మాట చెప్పండి చాలు."

వద్దు అనడం మా వృత్తిలో అన్నిటికన్నా సులువైన పని. అలా అన్నందుకు మమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. కాని వద్దనిపించుకున్న మనిషి ఇంటికెళ్లి మనసు మార్చుకుంటాడు. మాకు చెప్పకుండా, ఏ జాగ్రత్తా తీసుకోకుండా వెళ్లి పోటీలో దిగుతాడు. కాబట్టి అవునూ కాదూ అనే రెండు మాటల్నీ కాసేపు పక్కన పెట్టి, అసలు ఈ నిర్ణయం ఎలా తీసుకోవాలో మాట్లాడుకుందాం.

ఈ పోటీలు చూడనివాళ్ల కోసం రెండు మాటలు. 1987లో ఇంగ్లండ్‌లో, వుల్వర్‌హాంప్టన్ పక్కనున్న పెర్టన్‌లో, బిల్లీ విల్సన్ అనే మాజీ సైనికుడు తన పొలంలో 'టఫ్ గై' పేరుతో ఒక పరుగు పెట్టాడు. జనవరి చలిలో బురద గుంటలు దాటాలి, తాళ్లు పట్టుకుని పాకాలి, ముళ్ల కంచెల కింద దేకాలి. ఏం జరిగినా బాధ్యత నాదేనని ముందే సంతకం పెట్టాలి. ఆ కాగితానికి వాళ్లు 'డెత్ వారంట్' అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ల హాస్యం అలా ఉంటుంది మరి. 2010లో అమెరికాలో 'టఫ్ మడర్', 'స్పార్టన్ రేస్' రెండూ మొదలయ్యాక ఇది ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 'డెవిల్స్ సర్క్యూట్' పేరుతో 5 కిలోమీటర్ల పరుగు, దారిలో 15 అడ్డంకులు పెడతారు. హైదరాబాద్‌లోనూ జరుగుతుంది. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్ నుంచి మోడర్న్ పెంటాథ్లాన్‌లో గుర్రపుస్వారీ తీసేసి, దాని స్థానంలో అడ్డంకుల పోటీ పెడుతున్నారు. అంటే ఇదేదో కుర్రాళ్ల సరదా అని కొట్టిపారేసే రోజులు పోయాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆఫీసు జట్టుతో కలిసి వెళ్లి, తల నుంచి కాలి దాకా బురద పూసుకున్న ఫొటోలు పంపిస్తే, ఇక్కడ అమ్మమ్మలు ఏమయిందో తెలియక కంగారుపడుతుంటారు.

ముందుగా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఈ పోటీల్లో దిగినవాళ్లలో అత్యధికులు క్షేమంగానే ఇంటికొస్తారు. 2013 జూన్‌లో పెన్సిల్వేనియాలో రెండు రోజులపాటు జరిగిన ఒక టఫ్ మడర్‌లో 22,000 మందికి పైగా పాల్గొన్నారు. వాళ్లలో ఆసుపత్రి అత్యవసర విభాగానికి చేరినవాళ్లు 38 మంది అని అక్కడి వైద్యులు లెక్క రాశారు. ఈ అంకె చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లున్నారు. కాని అది అందరినీ కలిపి వేసిన లెక్క. అప్పటికే జారిన భుజంతో దిగినవాడి సంగతి ఆ లెక్క చెప్పదు. మనకి కావలసింది ఆ ఒక్కడి సంగతే.

గాయాల నుంచి కోలుకున్న ఆటగాళ్లు మళ్లీ ఎప్పుడు దిగవచ్చు అన్న విషయం మీద కెనడా వైద్యుడు ఇయాన్ ష్రయర్ 2015లో ఒక పద్ధతి ప్రచురించాడు. నాకది బాగా పనికొచ్చింది. అందులో మొదటి ప్రశ్న, గాయపడిన చోటు ఇప్పుడు ఎంత బలంగా ఉంది అని. రెండోది, మీరు చేయబోయే పని ఆ చోటు మీద ఎంత భారం వేస్తుంది అని. మూడోది, జరగరానిది జరిగితే ఆ నష్టం మీరు ఎంతవరకు భరించగలరు అని. మా దగ్గరికి వచ్చేవాళ్లు తొంభై పాళ్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. స్కానింగ్ రిపోర్టు తెచ్చి బల్లమీద పెడతారు. రెండో ప్రశ్నకి జవాబు ఏ స్కానింగ్‌లోనూ కనిపించదు. అది పోటీ నిబంధనల్లో ఉంటుంది, అడ్డంకుల పటంలో ఉంటుంది.

భుజం సంగతే తీసుకుందాం, అన్నిటికన్నా ఎక్కువ అవస్థ దానితోనే. భుజం కీలు ఒంట్లో అన్ని కీళ్లకన్నా ఎక్కువ వైపులకి తిరుగుతుంది. అలా తిరగడానికి వీలుగా దాని గూడు చాలా లోతు తక్కువగా ఉంటుంది. పెద్ద నిమ్మకాయని చిన్న ప్రమిదలో నిలబెట్టినట్టు. అది పడిపోకుండా పట్టుకునేది గూడు అంచు చుట్టూ ఉండే మెత్తని ఎముకలాంటి పట్టీ, కొన్ని లిగమెంట్లు, చుట్టూ ఉన్న కండరాలు. భుజం మొదటిసారి ముందుకు జారినప్పుడు సాధారణంగా ఆ పట్టీ చిరుగుతుంది. మన ఊళ్లలో కీలు ఎక్కించి, కట్టు కట్టి, మూడు వారాలు మెడకి చెయ్యి వేలాడదీసి, కట్టు విప్పిన రోజున పని అయిపోయిందనుకుంటారు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు ఉండదు. కట్టు ఎక్కడ కట్టించుకున్నా, ఆసుపత్రిలో కట్టించుకున్నా సరే, అది చెయ్యి కదలకుండా ఉంచగలదే తప్ప చిరిగిన పట్టీ వెనక్కి వచ్చి సరైన చోట అతుక్కుంటుందని హామీ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ల లోపు మొదటిసారి జారినవాళ్లకి మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. నలభై దాటినవాళ్లకి మళ్లీ జారడం తక్కువేగాని, జారినప్పుడే భుజం తిప్పే కండరాలని ఎముకకి కలిపే తాళ్లు, అంటే టెండన్లు, తెగి ఉండే అవకాశం ఎక్కువ. చెయ్యి పైకి లేపలేకపోతున్నా వాళ్లు దాన్ని వయసు మీద నెట్టేసి ఊరుకుంటారు.

ఇప్పుడు అడ్డంకులు ఏమడుగుతాయో చూడండి. చెయ్యి పక్కకి చాచి, మోచెయ్యి భుజం ఎత్తుకి వచ్చి, ముంజెయ్యి వెనక్కి తిరిగిన భంగిమలో భుజం ముందుకు జారుతుంది. మంకీ బార్స్ మీద ఒక కమ్మీ వదిలి ఇంకో కమ్మీ అందుకునేటప్పుడు, ఒంటి బరువంతా ఒక్క చేతి మీద ఊగే ఆ అర సెకనులో, భుజం దాదాపు అదే భంగిమలోకి వెళ్తుంది. పైగా చేతులు బురదగా ఉంటాయి. అప్పటికే నాలుగు కిలోమీటర్లు పరిగెత్తి ఉంటారు. కండరం అలసిపోయాక దాని పట్టు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. జారడానికి ఆ క్షణం చాలు. జిమ్‌లో చల్లగా, పొడిగా, అలసట లేకుండా పదిసార్లు వేలాడాను కదా అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

గోడ ఇంకో రకం. ఎనిమిది అడుగుల గోడ ఒంటరిగా ఎక్కేవాళ్లు తక్కువ. పైన కూర్చున్న స్నేహితుడు చెయ్యి చాపుతాడు, "పట్టుకో, లాగుతా" అంటాడు. ఈ పోటీల్లో అందరూ మెచ్చుకునే దృశ్యం అదే, ఫొటోల్లో పడేదీ అదే. జారిన భుజానికి మాత్రం అంతకన్నా ప్రమాదమైన సాయం లేదు. లాగేవాడికి మీ భుజం కథ తెలియదు, ఎంత బలంగా లాగాలో తెలియదు. గోడ ఎక్కాలనే పట్టుదల ఉంటే కిందినుంచి పాదాల కింద చేతులు పెట్టి ఎత్తమనండి. బాగున్న చేత్తోనే అంచు పట్టుకోండి. లేదంటే చుట్టూ తిరిగి వెళ్లండి.

చుట్టూ తిరిగి వెళ్లడం అన్నానే, ఇక్కడే నిబంధనలు చదవాలి. టఫ్ మడర్ మామూలు పోటీల్లో సమయం కొలవరు. ఇష్టం లేని అడ్డంకి పక్కనుంచి నడిచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. స్పార్టన్ రేస్ ధోరణి వేరు. అక్కడ అడ్డంకి దాటలేకపోతే 30 బర్పీలు తియ్యాలన్నది చాలాకాలం పాటు పేరుమోసిన నియమం. ఈమధ్య కొన్నిచోట్ల బర్పీల బదులు అదనంగా కొంత దూరం పరిగెత్తించే శిక్ష పెడుతున్నారు. బర్పీ అంటే నిలబడి, కిందికి కూలబడి, చేతుల మీద పడుకుని, లేచి ఎగరడం. భుజం బాగాలేదని మంకీ బార్స్ వదిలేసిన మనిషి ముప్పైసార్లు అదే భుజం మీద పడాలన్నమాట. మోకాలు బాగాలేనివాడికి అదనపు పరుగు కూడా అంతే. కాబట్టి "నాకు కుదరనివి వదిలేస్తాను" అని ధీమాగా వెళ్లేముందు, వదిలేస్తే ఏమవుతుందో కనుక్కోండి. దూరం కూడా చూసుకోండి. స్పార్టన్‌లో చిన్నదైన స్ప్రింట్ 5 కిలోమీటర్లు, 20 అడ్డంకులు. బీస్ట్ 21 కిలోమీటర్లు, 30 అడ్డంకులు. అల్ట్రా అయితే 50 కిలోమీటర్లు, 60 అడ్డంకులు. స్ప్రింట్‌లో గట్టెక్కిన చీలమండ బీస్ట్‌లో పదిహేనో కిలోమీటరు దగ్గర ఏమంటుందో వేరే లెక్క.

నీళ్ల అడ్డంకులు విడిగా చెప్పాలి. ఎత్తు మీదనుంచి నీళ్లలోకి దూకేవి, నీళ్లమీద కమ్మీలు పట్టుకుని దాటేవి ఉంటాయి. 2013లో వెస్ట్ వర్జీనియాలో జరిగిన టఫ్ మడర్‌లో అలాంటి అడ్డంకి దగ్గర ఒక యువకుడు మునిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయనకి ఏదో గాయం ఉందని నేననడం లేదు. నీళ్లలో భుజం జారితే ఆ చేత్తో ఈదలేరు, బురదనీళ్లలో మీరు కనిపించరు, వెనకనుంచి ఇంకొకరు దూకుతుంటారు. జారే భుజం ఉన్నవాళ్లకి మిగతా అడ్డంకుల విషయంలో బేరం ఆడతాను గాని, నీళ్లమీద వేలాడేవాటి విషయంలో ఆడను.

మోకాలి సంగతి కొంచెం వేరు. "అలిపిరి మెట్లన్నీ ఎక్కానండీ, మోకాళ్ల పర్వతం దగ్గర కూడా నొప్పి రాలేదు" అని చెప్పేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. 3,550 మెట్లు ఎక్కడం చిన్న విషయం కాదు, తొడ కండరం బలంగా ఉందని అది చెబుతుంది. కాని మెట్టు ఎప్పుడూ ముందే ఉంటుంది, కాలు తిన్నగా పడుతుంది, కిందికి దూకే పని ఉండదు. లిగమెంటు తెగిన మోకాలికి ఎక్కడం పరీక్ష కాదు. దూకి ఒంటికాలి మీద నిలవడం, నిలిచిన కాలి మీదే ఒళ్లు తిప్పడం పరీక్ష. గోడ మీదనుంచి బురదలోకి దిగేటప్పుడు పాదం బురదలో ఇరుక్కుంటుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. అందుకే మేము ఒంటికాలితో గెంతించి చూస్తాం. గాయపడిన కాలు బాగున్న కాలు గెంతిన దూరంలో కనీసం 90 శాతం గెంతాలి. ఒక్కసారి గెంతితే చాలదు. దూరంగా, వరసగా మూడుసార్లు, అడ్డంగా కూడా గెంతాలి. పరుగు తీసి అలసిన తర్వాత ఇంకోసారి గెంతాలి.

లిగమెంటు ఆపరేషన్ అయినవాళ్ల విషయంలో 2016లో వెలువడిన ఒక నార్వే అధ్యయనం మా రంగంలో చాలామంది చేతులు కట్టేసింది, మంచికే. ఆపరేషన్ తర్వాత 9 నెలల దాకా, ఆటలోకి తిరిగి వెళ్లడం ఒక్కొక్క నెల ఆలస్యం చేసినకొద్దీ మోకాలు మళ్లీ గాయపడటం సగానికి సగం తగ్గిందని అందులో తేలింది. ఆరో నెలలో "ఇక ఏమీ లేదండీ" అని వచ్చేవాళ్లకి నేను ఆ అంకె చెప్పి ఊరుకుంటాను. ఎక్కువ వాదించను.

ఇక నొప్పి. నొప్పి ఉంటే ఆగాలి, లేకపోతే వెళ్లాలి అనే సూత్రం రెండు వైపులా తప్పే. మడమ వెనక టెండన్ నొప్పి ఉన్నవాళ్లని స్వీడన్‌లో పరిశోధకులు రెండు గుంపులుగా చేశారు. వ్యాయామాలు రెండు గుంపులకీ ఇచ్చారు. ఒక గుంపుని పరుగులు ఆపమన్నారు. ఇంకో గుంపుని నొప్పి పదిలో అయిదు దాటకుండా, మర్నాటి పొద్దుటికి తగ్గిపోయేలా చూసుకుంటూ పరిగెత్తమన్నారు. పరిగెత్తినవాళ్లకి అదనంగా జరిగిన నష్టమేమీ లేదు. కాబట్టి మడమ నొప్పితో వచ్చినవాళ్లని మంచానికి కట్టేయాల్సిన అవసరం లేదు. పోటీలో కూడా చాలామంది దిగవచ్చు. జారే భుజం ఇందుకు తలకిందులు. జారబోయే ముందు క్షణం దాకా చాలామందికి అది నొప్పే పెట్టదు. ఎముకలో సన్నని పగులు ఉన్నవాళ్లది మూడో రకం. వేలితో నొక్కితే ఒక్క చోటే భగ్గుమంటుంది, రాత్రిళ్లు సలుపుతుంది, ఒంటికాలితో గెంతితే అక్కడే పొడుస్తుంది. ఆ లక్షణాలుంటే చర్చ లేదు. డాక్టరుకి చూపించుకోవాలి, ఆ ఏటి పోటీ మరిచిపోవాలి.

నొప్పి మాత్ర వేసుకుని దిగుతాం అనేవాళ్లకి కొంచెం గట్టిగానే చెబుతాను. మాత్ర గాయాన్ని మాన్పదు, గాయం ఇచ్చే హెచ్చరికని మాత్రం ఆపేస్తుంది. అదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. 80 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ల మీద చేసిన ఒక ప్రయోగ ఫలితాలు 2017లో వచ్చాయి. సగం మందికి నాలుగు గంటలకోసారి 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. పరుగు అయ్యాక రక్తం పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి, ఐబుప్రొఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. చెమట పోయి, నీరు తగ్గిపోయి, కండరాలు నలిగిన ఒంట్లో కిడ్నీలు అప్పటికే కష్టంలో ఉంటాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే మాత్రే కదా అని జేబులో వేసుకోకండి.

మూడో ప్రశ్న దగ్గరికి వస్తే అక్కడ డాక్టరూ, నేనూ ఇద్దరం పక్కకి తప్పుకోవాలి. ఒకే గాయం ఇద్దరికి ఉండవచ్చు. ఒకావిడ బ్యాంకులో పనిచేస్తుంది, పెళ్లికాలేదు, భుజం జారి ఆపరేషన్ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లో పెట్టుకుని ఆఫీసుకి వెళ్తుంది. ఇంకొకాయన లారీ నడుపుతాడు. ఆ ఆరు వారాలూ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆయన ఆలోచించుకోవాలి. ఇంట్లో ఏడాది పాప ఉన్న తల్లి, పాపని ఎవరు ఎత్తుకుంటారో ఆలోచించుకోవాలి. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఇలాంటి ఆటల్లోకి రావడానికి సుమారు ఆరు నెలలు. ఇది ఎవరికి భరించదగినదో, ఎవరికి కాదో నేను చెప్పకూడదు. ఈ లెక్క మాత్రం ఇంట్లోవాళ్లతో కూర్చుని, పోటీకి ముందు, ప్రశాంతంగా వేసుకోవాలి. ప్రారంభ గీత దగ్గర డప్పులు మోగుతుండగా, మైకులో ఎవరో అరుస్తుండగా, స్నేహితులు వీపు చరుస్తుండగా వేసుకునే లెక్కలో ఎప్పుడూ ఒకటే జవాబు వస్తుంది.

కట్టిన డబ్బు ఈ లెక్కలోకి రాకూడదు. అది వెళ్లినా పోయింది, వెళ్లకపోయినా పోయింది. చాలా పోటీల్లో పేరు ఇంకొకరికి మార్చడానికో, వచ్చే పోటీకి వాయిదా వేసుకోవడానికో గడువు ఉంటుంది. ఆ గడువు తేదీని క్యాలెండర్‌లో గీసి పెట్టుకుని, దానికి వారం ముందే ఒక రిహార్సల్ చెయ్యండి. మూడు కిలోమీటర్లు పరిగెత్తండి, వెంటనే చేతులు తడుపుకుని కమ్మీకి వేలాడండి, తక్కువ ఎత్తునుంచి దూకి నిలవండి, మళ్లీ పరిగెత్తండి. మర్నాడు పొద్దున లేచేసరికి కీలు వాచిందా, బిగుసుకుందా, పట్టు తప్పిన భావన వచ్చిందా చూడండి. వాపు వస్తే పేరు మార్పించుకోండి. రాకపోతే, ఏ అడ్డంకులు ముట్టుకోరో ఇంటి దగ్గరే రాసుకుని, ఆ కాగితం జట్టులో ఒకరికి ఇవ్వండి. అక్కడ మిమ్మల్ని ఆపే అధికారం కూడా ఆ మనిషికే ఇవ్వండి.

ఇన్ని చేసీ వెళ్లారు, అక్కడ భుజం జారిందే అనుకోండి. మన జనంలో ఎవరో ఒకరు ముందుకొచ్చి, "ఏం ఫరవాలేదు, లాగితే ఎక్కేస్తుంది, మా ఊళ్లో ఎన్నో చూశాను" అంటారు. లాగనివ్వకండి. ఎముక అంచు విరిగి ఉండవచ్చు, భుజం చుట్టూ వెళ్లే నరం నలిగి ఉండవచ్చు. భుజం బయటివైపు చర్మం మొద్దుబారిందేమో రెండో చేత్తో తాకి చూసుకోండి, ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. చెయ్యి ఎలా ఉందో అలాగే, బాగున్న చేత్తో మోచేతి కింద పట్టుకుని, టీషర్టు మడిచి ఆసరా పెట్టి, దారి పక్కన కూర్చుని మార్షల్‌ని, అంటే పోటీ సిబ్బందిని, పిలవండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కనుక ఆసుపత్రి చేరేదాకా ఏమీ తినకండి. కీలు దానంతటదే లోపలికి వెళ్లి నొప్పి తగ్గిపోయినా సరే, ఎక్స్‌రే తీయించుకున్నాకే ఇంటికి వెళ్లండి.